డాక్టరమ్మతో నేను ‘లేదు’ అన్న రోజు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిచేసరికి, మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఒక లింకు పంపించి ఉంది. పది ప్రశ్నలకు జవాబులు నొక్కితే చాలు, మన మనసుకు ఏ జబ్బు ఉందో రెండు నిమిషాల్లో చెప్పేస్తుందట. నేను పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేలోపల సగంమంది నొక్కేశారు. ఒకావిడకు యాంగ్జైటీ వచ్చింది, ఇంకొకావిడకు ఓసీడీ వచ్చింది, పేరంటంలో వాయనాలు అందుకున్నట్టు ఒకరికొకరు చూపించుకుని మురిసిపోతున్నారు. మా పక్క బ్లాకులోనే ఉండే స్నేహితురాలు తనకు బైపోలార్ వచ్చిందని రాసి, పక్కన విరగబడి నవ్వే బొమ్మలు నాలుగు పెట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చిందల్లా టైపు చేసి పంపించి, ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. సాయంత్రం ఆవిడ మార్కెట్టు దగ్గర ఎదురుపడి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. వెళ్ళనివ్వండి. ఈ వయసులో నాకు కొత్తగా పోయే స్నేహాలేమీ లేవు.

ఆ కోపం ఆవిడ మీద కాదని ఇంటికొచ్చి కూరలు సర్దుతుంటే నాకే తెలిసింది. అది పాతికేళ్ళనాటి కోపం. నా వయసువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం రాబోతోందని, ఆ అర్ధరాత్రి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి కుప్పకూలుతాయని భయపడి, కంపెనీలన్నీ మన ఊళ్ళ నుంచి కుర్రాళ్ళను విమానాల్లో నింపి తెచ్చుకున్న రోజులు. మేమూ అలా వచ్చినవాళ్ళమే. సింగపూరులో యూ టీ అనే పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటు, మూడేళ్ళ పిల్ల, నేను, మావారు, మాతోపాటు మావారి తమ్ముడు. ముగ్గురం మూడు కంపెనీల్లో పనిచేసేవాళ్ళం. పొద్దున్నే పిల్లను కింది అంతస్తు మలయాళీ ఆంటీకి అప్పగించి, ట్రైను పట్టుకుని, తలోవైపు పరుగెత్తడమే జీవితం అనుకునేవాళ్ళం. ఎంత గర్వపడేవాళ్ళమో ఆ పరుగుకు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కూడా రావడం లేదు.

నా ఉద్యోగం టెస్టింగ్. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం. చేరిన కొత్తలో మా పైఅధికారి, నెరిసిన జుట్టు చీనా పెద్దాయన, నన్ను కూర్చోబెట్టి ఒకే ఒక పాఠం చెప్పాడు. తప్పు ఎక్కడ కనిపించిందో రాస్తే చాలదు, అది కనిపించడానికి ముందు ఏం జరిగిందో, అంతకు ముందు ఏం జరిగిందో కూడా రాయాలి, అది రాయకపోతే బాగుచేసేవాడు ఇంకోచోట తవ్వుకుంటూ కూర్చుంటాడని. ఆ పాఠాన్ని అక్షరాలా పాటించి రెండుసార్లు మెప్పు కూడా పొందాను. అది నేర్చుకున్నదాన్నే, ఆ తరువాత నేను చేసిన పని చూడండి.

మా మరిది నెమ్మదైన మనిషి. ఇంకాస్త అన్నం పెట్టనా అంటే చెయ్యి అడ్డం పెట్టడానికి కూడా మొహమాటపడేవాడు. అలాంటివాడు ఆ ఏడు ఆగస్టులో ఉన్నట్టుండి మారిపోయాడు. ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పనిలో ఉన్నాడప్పుడు. రోజుకు రెండు గంటలు పడుకుని, పొద్దున్నే ఈల వేసుకుంటూ లేచేవాడు. అలుపనేది లేదు. ఆరుగురి పని ఒక్కడే చేస్తున్నాడని వాళ్ళ ఆఫీసంతా చెప్పుకునేవారు. మాట్లాడితే మనకు సందు ఇచ్చేవాడు కాదు, ఒక మాట సగంలో ఉండగానే ఇంకో మాట. సొంత కంపెనీ పెడతానని లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పాడు. ఒకరోజు ఒకేసారి నాలుగు రైస్ కుక్కర్లు కొనుక్కొచ్చి, తెలిసినవాళ్ళకు పంచుతానన్నాడు. నేను నవ్వాను. మావారు తమ్ముడి భుజం తట్టారు. వాళ్ళ కంపెనీ అయితే అద్దంలాంటి ఒక పలక మీద అతని పేరు చెక్కించి, అందరి ముందు చేతిలో పెట్టింది. ఆ పలకతో ఫొటో తీయించి ఊళ్ళో అత్తగారికి పంపించాం. నేను పులిహోర, బొబ్బట్లు చేశాను. మనిషి ఒంట్లో ఏదో మంట రేగుతుంటే, దాని చుట్టూ కూర్చుని పండగ చేసుకున్నాం.

దీపావళికి లిటిల్ ఇండియా రోడ్ల మీద దీపాల తోరణాలు కట్టే నాటికి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొదట అలసట అన్నాం. తరువాత జ్వరమేమో అన్నాం. డాక్టరిచ్చే సెలవు చీటీలు, ఇక్కడివాళ్ళు ఎంసీలంటారు, ఒకటి తరువాత ఒకటి అయిపోయాయి. గడ్డం పెరిగింది. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు చూస్తుండేవాడు. మా పిల్ల వెళ్ళి బాబాయ్ అని చొక్కా లాగితే కళ్ళు మాత్రం తిప్పేవాడు. ఒకరోజు నేను మంచినీళ్ళు తీసుకెళితే, చాలా మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా, “నేను లేకపోతే మీకు హాయిగా ఉంటది కదా వదినా” అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి, మా కుటుంబాన్ని చూసే డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఒక్క నిమిషం కూడా తటపటాయించకుండా, బిషాన్‌లో ఒక మానసిక వైద్యురాలి పేరు చెప్పి, ఎల్లుండికి సమయం తానే ఇప్పించాడు.

ఆ ఒక్క రోజు మధ్యలో ఉంది చూడండి, అదే మా కొంప ముంచింది. మావారి ఆఫీసులో అన్నీ తెలిసిన అంకుల్ ఒకాయన ఉండేవాడు, సింగపూరు వచ్చింది మాకంటే రెండేళ్ళే ముందు, కానీ చట్టమంతా తానే రాసినట్టు మాట్లాడేవాడు. ఆయన మావారిని పక్కకు పిలిచి చెప్పాడట. “డిప్రెషన్ అంటే ఓకే బ్రదర్, స్ట్రెస్ అని రాస్తారు. అంతకు మించి ఏం చెప్పొద్దు. రికార్డులోకి పిచ్చి అని ఎక్కిందా, వర్క్ పాస్ రెన్యూవల్ అవదు, ఫ్లైట్ ఎక్కించేస్తారు.” ఇది ఏ కాగితంలో ఉందని మేమెవ్వరం అడగలేదు. ఆ సాయంత్రమే ఊరి నుంచి అత్తగారు ఫోన్. ఆవిడకు విషయం సగమే చెప్పాం, మిగతా సగం ఆవిడే గ్రహించింది. “అమ్మాయ్, మీ చిన్నమామగారి మాట మాత్రం అక్కడ ఎత్తబాక. ఇంటి గుట్టు లంకకు చేటు” అంది.

చిన్నమామగారంటే మా మామగారి తమ్ముడు. నేను ఆయన్ను చూడలేదు. ఆయన విరాగి అని, కాశీకి వెళ్ళిపోయాడని మాత్రమే కోడలిగా నాకు చెప్పారు. తరువాత తరువాత, పాలమనిషి ఒక ముక్క, ఆడపడుచు ఒక ముక్క చెప్పగా తెలిసింది. ఆయన ఒక ఏడు ఇంట్లోని ఫ్యాను, గేదె, అత్తగారి పట్టుచీరలు దారినపోయేవాళ్ళను పిలిచి పిలిచి దానం చేశాడట. మరో ఏడు పెరటి గదిలో తలుపేసుకుని ఆరునెలలు బయటికి రాలేదట. వైరాగ్యం అనే మాట ఎంత చక్కగా సరిపోయిందో వాళ్ళకు!

డాక్టరమ్మ చీనా ఆవిడ, అరవై దగ్గర పడి ఉంటుంది. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక తెల్లకాగితాల పుస్తకం, అంతే. మావారు ఆఫీసు వదలడానికి వీల్లేదన్నారు కనుక నేనే వెంట వెళ్ళాను. మనకు అలవాటే కదా, ఆవిడ అతన్ని నిద్ర ఎలా ఉందని అడిగింది, నేను జవాబు చెప్పాను. ఆకలి గురించి అడిగింది, నేనే చెప్పాను. మూడోసారి ఆవిడ నా వైపు చెయ్యి చూపించి, కోపంగా కాదు, నీ వంతు తరువాత వస్తుందన్నట్టు చూసింది. ఆ తరువాత అతను ఒక్కొక్క మాటే వెతుక్కుంటుంటే ఎంతసేపైనా ఆగింది. పొద్దున ఎక్కువ దిగులుగా ఉంటుందా, సాయంత్రమా. ఇదివరకు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడెలా ఉన్నాయి. ఇవాళ ఏ తేదీ. నూరులోంచి ఏడు తీసేస్తూ పొమ్మంది. లెక్కల్లో బంగారు పతకం తెచ్చుకున్నవాడు ఎనభై ఆరు దగ్గర ఆగిపోయాడు. చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా, ఎలా అన్నది కూడా అనుకున్నావా అని నిదానంగా, సూటిగా అడిగింది. ఆ మాట అడిగితే లేనిది పుట్టుకొస్తుందని నేను భయపడ్డాను. అతను మాత్రం, ఎన్నాళ్ళనుంచో ఎవరైనా అడుగుతారని చూస్తున్నట్టు, అన్నీ చెప్పాడు. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా మనిషి ఇలాగే పడుకుంటాడని, అది కాదని తేలాలని రక్తపరీక్షకు రాసింది. అతన్ని రక్తం ఇవ్వడానికి పంపించి, అప్పుడు నా వైపు తిరిగింది.

నాకు ఆవిడ మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ జబ్బులకు ఎక్స్‌రే లేదు, మేము చూసేది కొంత, రోగి చెప్పేది కొంత, ఇంట్లోవాళ్ళు చెప్పేది చాలా అంది. దిగులుగా ఉన్నవాడికి తన జీవితమంతా దిగులుగానే కనిపిస్తుంది, అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను అంది. ఇప్పటికి సరిగ్గా వ్యతిరేకంగా, నిద్ర లేకుండా, అలుపు లేకుండా, మాటలు ఎక్కువై, డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టి, తాను ఏదైనా చేయగలనని అనుకున్న రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని అడిగింది.

ఉన్నాయి. వంటింటి అల్మరాలో పంచగా మిగిలిన మూడు రైస్ కుక్కర్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నేను లేదు డాక్టర్ అన్నాను.

కుటుంబంలో ఎవరికైనా మనసుకు సంబంధించిన జబ్బు ఉందా, ఆసుపత్రికి వెళ్ళకపోయినా సరే, వింతగా ప్రవర్తించినవాళ్ళు ఉన్నారా అంది. లేరు అన్నాను. ఆవిడ కలం ఆపి నన్ను చూసింది. అనుమానపడిందో ఏమో, ఇంకోలా అడిగింది. ఆఫీసులో అతన్ని అందరూ విపరీతంగా మెచ్చుకున్న నెలలేమైనా ఉన్నాయా అంది. అంత దగ్గరికి వచ్చేసింది మహాతల్లి. అతను ఎప్పుడూ కష్టపడేవాడేనండీ అన్నాను. ఆవిడ రాసుకుంది. తప్పుల నివేదికలు రాసి జీతం తీసుకునే దాన్ని, ముందు ఏం జరిగిందన్న వరసలన్నీ నా చేత్తో చెరిపేసి ఇచ్చాను.

నేను చెప్పినదాన్నిబట్టి అది వట్టి డిప్రెషన్ అయింది. దానికి తగిన మాత్రలు రాసింది. అయినా ఆవిడ వదలలేదు, అతను హఠాత్తుగా మరీ హుషారుగా అయిపోయినా, నిద్ర తగ్గినా, చెప్పిన తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకురావాలని రెండుసార్లు చెప్పింది, చీటీ మీద రాసి కూడా ఇచ్చింది. మూడు వారాలకు మా మరిది లేచాడు. గడ్డం గీసుకున్నాడు. పిల్లను భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిరిగాడు. అత్తగారు మొక్కు తీర్చింది. అతను రాత్రిళ్ళు పడుకోవడం లేదని నాకు తెలుసు, ఆ చీటీ ఎక్కడుందో కూడా తెలుసు. మనిషి నవ్వుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళతామా అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. ఎవరి మీదకు తోసి ఏం లాభం.

జనవరి వచ్చింది. ఏ కంప్యూటరూ కూలలేదు. ఆ రెండో వారంలో మా మరిది పదకొండు పేజీల రాజీనామా రాసి కంపెనీలో అందరికీ పంపించాడు, తన కొత్త కంపెనీలో ఎవరెవరికి ఏ పదవి ఇస్తాడో కూడా అందులో ఉంది. అతని పేరు చెక్కించి పలక ఇచ్చినవాళ్ళే అది చదివి, ఒక్కరంటే ఒక్కరు పక్కన కూర్చుని నీకేమైంది నాయనా అని అడగలేదు. బ్యాంకు పని అయిపోయింది కదా, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఆ కాగితాన్ని అప్పటికప్పుడు ఆమోదించి, ఇద్దరు సెక్యూరిటీవాళ్ళను పక్కన నడిపించి బయటికి పంపారు. పాస్ రద్దయింది. ఏ పాస్ కోసమైతే నేను అబద్ధం ఆడానో, ఆ పాస్ ఆ అబద్ధం వల్లే పోయింది.

నేను అతన్ని టాక్సీలో ఎక్కించుకుని బిషాన్ వెళ్ళాను. దారంతా డ్రైవరు అంకుల్‌కు డైరెక్టరు పదవి ఇస్తానని చెబుతూనే ఉన్నాడు. పాపం ఆ ముసలాయన “కెన్, కెన్” అని సరేనంటూ, అద్దంలోంచి నన్ను చూసి, మెల్లగా బండి నడిపాడు. ఆరోజు డాక్టరమ్మకు అన్నీ చెప్పేశాను. ఆగస్టు, పలక, కుక్కర్లు, గేదె, కాశీ. ఆవిడ తిడితే బాగుండునని ఉంది నాకు. తిట్టలేదు. తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, కలం నా చేతికిచ్చి, ఏ నెలలో మనిషి గీతకు పైన ఉన్నాడో, ఏ నెలలో కింద ఉన్నాడో చుక్కలు పెట్టమంది. మేము పులిహోర చేసుకున్న నెల అన్నిటికంటే పైన వచ్చింది. ఆ కాగితం చూసి ఆవిడ, వట్టి దిగులు మాత్రలు ఈ జబ్బువాణ్ణి మరీ పైకి ఎగదోస్తాయని చెప్పి, పాత మాత్రలు ఆపించి, జబ్బు పేరు బైపోలార్ అని మార్చి రాసి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచాలంది. చెప్పవద్దని మీతో ఎవరైనా అన్నారా అని చివర అడిగింది. అప్పుడు కూడా నేను అత్తగారి పేరు చెప్పలేదు.

పది రోజులకు అతని మాట నెమ్మదించింది. ఒక మధ్యాహ్నం కమలాపండు వొలిచి ఇస్తుంటే, “నేను బాగున్న రోజుల గురించి ఆవిడ మొదటిరోజే అడిగిందంట, నిజమేనా వదినా?” అన్నాడు. అడిగిందన్నాను. “నువ్వేం చెప్పావ్?” అన్నాడు. నేను ఇంకో తొన వొలిచాను. ఆ తొన తీసుకున్నాడు కానీ తినలేదు.

పాస్ పోయాక దేశం వదలాల్సిన గడువు పొడిగించడానికి డాక్టరమ్మే ఉత్తరం రాసింది, ఊళ్ళో చూపించే డాక్టరు కోసం మరో ఉత్తరం రాసిచ్చింది. ఆ రెండో ఉత్తరాన్ని అత్తగారు ఇనప్పెట్టెలో బట్టల అడుగున పెట్టి, కొడుకును తాయెత్తులు కట్టేవాళ్ళ చుట్టూ నాలుగేళ్ళు తిప్పింది. ఆ నాలుగేళ్ళలో అతను ఇంకా రెండుసార్లు పడ్డాడు. చివరికి పెట్టె అడుగున ఉత్తరం తానే వెతికి పట్టుకుని, ఒక్కడే గుంటూరు బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఈరోజు ఒక కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు, మాత్రలు మానడు. అత్తగారు పోయి చాలాకాలమైంది. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. నాకు ఉంది.

ఇప్పుడు రోజులు మారాయని అందరూ అంటారు, మారిన మాట నిజమే. మేము లిఫ్టులో కూడా గొంతు తగ్గించి పలికిన మాటలు ఇప్పుడు ట్రైను స్టేషన్ గోడల మీద పెద్ద అక్షరాలతో ఉంటున్నాయి. అలసిపోయానని పిల్లలు ఆఫీసులోనే చెప్పుకోగలుగుతున్నారు. అది చూస్తే సంతోషంగానే ఉంటుంది, మా మరిది పాతికేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది. కానీ గంటన్నర సేపు గడియారం చూడకుండా కూర్చుని, ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడిగిన ఆ ముసలి డాక్టరమ్మ పనిని ఇప్పుడు ఫోను రెండు నిమిషాల్లో చేస్తానంటే, దాన్ని ఆడవాళ్ళు తాంబూలాల్లా పంచుకుంటుంటే, నాకు ఒళ్ళు మండుతుంది. అది తప్పు చెబుతుందని కాదు. దానికి నేను ఎంత తేలిగ్గా అబద్ధం చెప్పగలనో నాకు తెలుసు కనుక.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆ చొక్కా లాగిన మూడేళ్ళ పిల్లే, ఇప్పుడు వన్-నార్త్‌లో ఉన్న ఒక ఆఫీసులో పనిచేస్తోంది. కొన్నాళ్ళుగా నిద్ర పట్టడం లేదని తనంతట తానే ఒక డాక్టరు దగ్గర సమయం తీసుకుందట. కుటుంబంలో ఎవరికైనా ఉందా అని ఫారంలో అడుగుతున్నారని నన్నడిగింది. మన ఇంట్లో అలాంటివేం లేవే అన్నాను. ఆలోచించకుండా, తడుముకోకుండా, ఊపిరి పీల్చుకున్నంత సులువుగా వచ్చేసింది ఆ మాట. ఫోన్ పెట్టేశాకే ఏమన్నానో నాకు తెలిసింది. ఒక గంట పట్టింది నాకు తిరిగి ఫోన్ చేయడానికి. మొత్తం చెప్పాను. “వై యూ నెవర్ టెల్ మీ, అమ్మా? సో లాంగ్ ఆల్‌రెడీ” అంది. నన్నేమీ అడగకుండా వాళ్ళ బాబాయికి ఫోన్ చేసుకుంది.

వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మరునాడు తనే చెప్పింది. ఎన్ని గంటలు పడుకుంటున్నావు, పొద్దున ఎలా ఉంటోంది, ఏమైనా మరీ హుషారుగా ఉన్న రోజులున్నాయా, ఆఫీసువాళ్ళంతా నిన్ను మెచ్చుకుంటున్నారా అని వరసగా అన్నీ అడిగాడట. తన సంగతి, తన చిన్నాన్న సంగతి దాపరికం లేకుండా చెప్పి, అన్నీ రాసుకోమన్నాడట. డాక్టరు దగ్గరికి అమ్మను తోడు తీసుకెళ్ళనా అని ఇది అడిగితే, అతను అన్నాడట.

“మీ అమ్మ బంగారం. కానీ అక్కడికి మాత్రం తీసుకెళ్ళబాక.”